గోడలో చెమ్మ: ఫ్రీ సర్వే రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి, నాకు అర్థమైంది ముందు కుదించి చెబుతాను. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 1900 ప్రాంతంలో కట్టిన టెర్రస్ ఇల్లు (వరసగా గోడలు కలిపి కట్టిన ఇళ్ళలో ఒకటి) కొంటున్నారు. లెవెల్ 2 సర్వేకి (కొనేముందు ఇంటి స్థితి చూసే పరిశీలన) వచ్చినాయన కింది గదుల గోడల్లో తేమ రీడింగులు ఎక్కువగా ఉన్నాయి, స్పెషలిస్టుకి చూపించుకోండి అని రాశాడు. ఎస్టేట్ ఏజెంట్ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఒక డ్యాంప్ కంపెనీ ఉచితంగా వచ్చి చూసి, రైజింగ్ డ్యాంప్ (నేలలోని తడి గోడలోకి ఎక్కడం) అని తేల్చేసి, ఇంజెక్షన్‌కీ (గోడ అడుగున రంధ్రాలు పెట్టి తడిని ఆపే మందు ఎక్కించడం) ప్లాస్టరింగ్‌కీ కలిపి కొన్ని వేల పౌండ్ల కొటేషన్ చేతిలో పెట్టింది. అనుమానమొచ్చి ఇంకో కంపెనీని పిలిస్తే, అబ్బే, ఇది కండెన్సేషన్ (గాలిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరుకట్టడం), మా వెంటిలేషన్ యూనిట్ పెట్టుకుంటే సరిపోతుంది అన్నారు. ఎవరిని నమ్మాలి, అసలు వీళ్ళకి ట్రైనింగ్ ఏముంటుంది, సివిల్ ఇంజనీరైన మీరు ఈ లైన్లోకి రావచ్చా అని అడిగారు.

నేను మిడ్‌లాండ్స్‌లో ఈ పనే చేస్తుంటాను. పాత ఇళ్ళలో చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూసి రిపోర్టు రాయడం నా పని. మందులు, మిషన్లు నేను అమ్మను.

మొదటి ప్రశ్నకి జవాబు సూటిగా చెప్పాలంటే, ఇప్పటికి ఇద్దరినీ నమ్మకండి. మీరు జతచేసిన రెండు రిపోర్టులూ చదివాను. ఇంజెక్షన్ అమ్మేవాళ్ళకి రైజింగ్ డ్యాంప్ కనిపించింది, ఫ్యాన్లు అమ్మేవాళ్ళకి కండెన్సేషన్ కనిపించింది. ఇద్దరూ గోడకి మీటరు ఆనించి అంకె చూశారంతే. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, మిగతా దారులు ఎందుకు కావో ఇద్దరూ ఒక్క వాక్యం కూడా రాయలేదు. మొదటి రిపోర్టులో ఇంటి బయటి వైపు ఫొటో ఒక్కటి కూడా లేదు. నా దృష్టిలో అక్కడే ఆ రిపోర్టు పని అయిపోయింది.

ముందు ఆ మీటరు సంగతి చూద్దాం, సగం గొడవ దాని దగ్గరే పుడుతుంది కాబట్టి. రెండు సూదులుంటాయి, వాటిని గోడలో గుచ్చితే మధ్యలో కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెల స్కేలు చెక్క కోసం తయారుచేసింది. చెక్కలో గుచ్చినప్పుడు 20 శాతం దాటితే అది నిజంగా పట్టించుకోవాల్సిన తేమ, అంతకు పైన ఉంటే చెక్క కుళ్ళే అవకాశం మొదలవుతుంది. అదే మీటరుని ప్లాస్టర్‌లోనో ఇటుకలోనో గుచ్చితే వచ్చే అంకె శాతం కాదు. పక్క చోటు కంటే ఇక్కడ ఎక్కువా తక్కువా అని పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. గోడలో ఉప్పు ఉంటే మీటరు కూస్తుంది. వాల్‌పేపర్ వెనక అల్యూమినియం ఫాయిల్ ఉంటే గోడ ఎండినా సరే ఫుల్ స్కేల్ చూపిస్తుంది. ఇక్కడి పాత ఇళ్ళలో బొగ్గు బూడిద కలిపిన నల్లటి గార వాడినవి చాలా ఉన్నాయి, అందులోని కార్బన్ వల్ల కూడా రీడింగు పెరుగుతుంది. అందుకే "గోడలో 95 శాతం తేమ ఉంది" అని ఎవరైనా అంటే, ఆ మనిషికి చేతిలో ఉన్న పరికరం ఏం కొలుస్తుందో తెలియదని అర్థం. మీ మొదటి రిపోర్టులో సరిగ్గా ఇలాంటి వాక్యమే ఉంది, మూడో పేజీ చూడండి.

అలాగని మీటరు పనికిమాలిందని కాదు. తెలిసినవాళ్ళు ఒక్కచోట గుచ్చి ఊరుకోరు, గోడంతా గళ్ళు గీసినట్టు వరసగా చూసి అంకెలు బొమ్మ మీద వేస్తారు. నిజమైన రైజింగ్ డ్యాంప్ అయితే నేల దగ్గర ఎక్కువగా ఉండి, సుమారు మీటరు ఎత్తు దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది, అక్కడే గోడకి అడ్డంగా ఉప్పు చార కూడా కనిపిస్తుంది. పైపు లీకైతే అంకెలు ఒక చోట కేంద్రంగా పెరుగుతాయి. కండెన్సేషన్ అయితే మూలల్లో, బీరువాల వెనక, కిటికీల చుట్టూ పైపైన ఉంటుంది, లోపల డ్రిల్ చేస్తే తడి ఉండదు. చిమ్నీ దగ్గర మరకలుంటే అది ఇంకో కథ. ఏళ్ళ తరబడి బొగ్గు మండించినప్పుడు పట్టిన ఉప్పులు గాల్లో తేమని లాగుతుంటాయి. వాన రోజు మరక ముదురుతుంది, ఎండ రోజు మాయమవుతుంది. ఇంటివాళ్ళేమో పైకప్పు కారుతోందనుకుని రూఫర్లకి డబ్బులు పోస్తుంటారు.

ఇప్పుడు ట్రైనింగ్ విషయం. మీకు ఎదురైన మనుషులు రెండు వేరు వేరు బళ్ళ నుంచి వచ్చినవాళ్ళు.

లెవెల్ 2 సర్వే చేసినాయన ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) సభ్యుడు. ఆ చదువు వెడల్పు ఎక్కువ, అంటే పైకప్పు నుంచి డ్రైనేజీ దాకా, ఇంటి విలువ నుంచి చట్టాల దాకా అన్నీ తెలిసుండాలి. పేరు పక్కన అసోక్ ఆర్‌ఐసీఎస్ (అసోసియేట్ స్థాయి) అని గానీ ఎంఆర్‌ఐసీఎస్ (పూర్తి సభ్యత్వం) అని గానీ ఉంటుంది. 2021లో అమల్లోకి వచ్చిన హోమ్ సర్వే స్టాండర్డ్ ప్రకారం మూడు స్థాయిల సర్వేలున్నాయి, మీరు తీసుకున్నది మధ్యది. అందులో ఆయన కార్పెట్ ఎత్తడు, బరువైన సామాను జరపడు, గోడకి రంధ్రం పెట్టడు. ఇల్లు ఇంకా అమ్మేవాళ్ళది కాబట్టి పెట్టకూడదు కూడా. అక్కడక్కడా మీటరు ఆనించి, ఎక్కువ చూపిస్తే ఇంకొకరికి చూపించండి అని రాస్తాడు. ఆయన పరిధిలో అది తప్పు కాదు. నాకు నచ్చనిది ఒకటే, ఎవరికి చూపించాలో చెప్పేటప్పుడు చాలామంది "డ్యాంప్ కాంట్రాక్టరుకి" అని రాసేస్తారు. రోగం ఏదో తేలకముందే మందుల షాపుకి పంపినట్టవుతుంది.

రెండో బడి పీసీఏ, అంటే ప్రాపర్టీ కేర్ అసోసియేషన్. హంటింగ్‌డన్‌లో ఉంటుంది. ఇది చెమ్మ, చెక్క చికిత్సల కంపెనీల సంఘం, వెనకటి బ్రిటిష్ వుడ్ ప్రిజర్వింగ్ అండ్ డ్యాంప్‌ప్రూఫింగ్ అసోసియేషన్ నుంచి వచ్చింది. వీళ్ళ దగ్గర సీఎస్ఆర్‌టీ అని ఒక అర్హత ఉంది, పూర్తి పేరు సర్టిఫికేటెడ్ సర్వేయర్ ఇన్ రెమెడియల్ ట్రీట్‌మెంట్. పాత ఇళ్ళు ఎలా కట్టారు, చెక్కని తినే పురుగులేవి, బూజులేవి, గోడలోకి నీరు ఎన్ని దారుల్లో వస్తుంది, శాంపిల్ ఎలా తియ్యాలి, రిపోర్టు ఎలా రాయాలి, ఇవన్నీ చదివి పరీక్ష పాసవ్వాలి. నేలమాళిగల వాటర్‌ప్రూఫింగ్‌కి సీఎస్ఎస్‌డబ్ల్యూ అని వేరే అర్హత ఉంది, దాన్ని దీనితో కలపకండి. సీఎస్ఆర్‌టీ మంచి చదువే. చెమ్మ విషయంలో మామూలు హోమ్ సర్వేయరు కంటే లోతుగా నేర్పుతారు.

చిక్కు ఎక్కడుందంటే, కంపెనీ పీసీఏ సభ్యత్వం వేరు, మీ ఇంటికి వచ్చిన మనిషి అర్హత వేరు. వ్యాన్ మీద లోగో చూసి తృప్తిపడకండి. "మీరు స్వయంగా సీఎస్ఆర్‌టీ పాసయ్యారా?" అని మొహమాటపడకుండా అడగండి. మీటరు ఎలా వాడాలో ఒక్కరోజు నేర్పి, హాజరైనట్టు కాగితం ఇచ్చే కోర్సులు కూడా ఉన్నాయి. అది పరీక్ష పాసైన సర్టిఫికెట్‌తో సమానం కాదు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ పని నేను ఒప్పుకుంటే మీకు కమిషన్ వస్తుందా?" కొంతమంది గొంతు సవరించుకుంటారు. నిజాయితీగా అవును అని చెప్పి, దానితోపాటే ఇంజెక్షన్ అవసరం లేదని చెప్పినవాళ్ళు కూడా నాకు తెలుసు. కాబట్టి అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని నేను అనను. కానీ ఉచిత సర్వేకి వచ్చినాయన పెట్రోలు, జీతం ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా.

ప్రమాణాల సంగతికొస్తే, మీకు పనికొచ్చేవి మూడున్నాయి. బీఎస్ (బ్రిటిష్ స్టాండర్డ్) 6576 అనేది రైజింగ్ డ్యాంప్ నిర్ధారణకీ, కెమికల్ డీపీసీ (నేల తడి గోడ ఎక్కకుండా ఆపే పొర) వెయ్యడానికీ సంబంధించిన కోడ్. 2005 నాటిది, 2012లో సవరించారు. దాని వరస చూడండి: ముందు నిర్ధారణ, ఆ తర్వాతే ఇంజెక్షన్. మిగతా కారణాలన్నీ చూసి పక్కన పెట్టాకే రైజింగ్ డ్యాంప్ అనాలి. మీకు కొటేషన్ ఇచ్చిన కంపెనీ "మా పని బీఎస్ 6576 ప్రకారం" అని గొప్పగా రాసుకుంది. అదే కోడ్ పట్టుకుని, మిగతా కారణాలు ఎలా కొట్టేశారో చూపించండి అని ఈమెయిల్ పెట్టండి. రెండోది బీఎస్ 5250, 2021 నాటి కొత్త రూపం. ఇంతకుముందు దాని పేరులో కండెన్సేషన్ నియంత్రణ అని ఉండేది, ఇప్పుడు ఇంట్లోని తేమ మొత్తాన్నీ ఎలా సంభాళించాలనే దిశగా విస్తరించింది. ఇక 2022లో ఆర్‌ఐసీఎస్, హిస్టారిక్ ఇంగ్లండ్ (పాత కట్టడాల పరిరక్షణ సంస్థ), పీసీఏ వగైరా సంస్థలు పాత భవనాల్లో తేమ పరిశీలన మీద ఉమ్మడి ప్రకటన ఒకటి ఇచ్చాయి. ఏళ్ళ తరబడి ఒకరినొకరు తప్పుపట్టుకున్న వర్గాలు ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే నాకు పెద్ద విషయంగా అనిపించింది. భవనాన్ని మొత్తంగా చూడాలి, మీటరు అంకె ఒక్కటే ఆధారం కాకూడదు అనేది అందులోని సారం. ఇవేవీ పాటించకపోతే జైలుకి పంపే చట్టాలు కావు. కానీ రేపు గొడవై వ్యవహారం కోర్టు దాకా వెళితే, సర్వేయరు పనిని కొలిచే కొలబద్దలు ఇవే.

పద్ధతి ప్రకారం చేసే సర్వే బయటి నుంచి మొదలవుతుంది. మీ ఫొటోల్లో ముందు గోడ దగ్గర కాంక్రీటు డ్రైవ్‌వే కనిపిస్తోంది. దాని పైమట్టానికీ గోడలో ఉన్న స్లేటు పలకల వరసకీ మధ్య ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. ఆ స్లేటు వరసే అప్పటి డీపీసీ, మనం ప్లింత్ మట్టంలో వేసే డీపీసీ పొరకి తాతలాంటిది. బయటి నేల దానికంటే కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. ఫొటోని బట్టి మీ డ్రైవ్‌వే ఆ వరసని దాదాపు తాకుతోంది. వాన చినుకులు కాంక్రీటు మీద పడి చిట్లి, డీపీసీ పైనున్న ఇటుకలనే తడుపుతాయి. లోపల మీటరు కూస్తుంది. ఇంజెక్షన్ వేస్తే ఆ వాన ఆగదు.

ఆ తర్వాత గట్టర్లు, డౌన్‌పైపులు, సందుల్లో సున్నపు గార తీసి సిమెంటు కూరారా అన్నది, నేల దాకా దింపేసిన సిమెంటు పూత, చెక్క ఫ్లోరు కింద గాలి ఆడటానికి పెట్టిన ఎయిర్ బ్రిక్స్. ఈ చివరిది చాలా ఇళ్ళలో చూస్తాను. చలిగాలి వస్తోందని గుడ్డలు కుక్కుతారు, లేదా డెక్కింగ్ (బయట వేసే చెక్క పలకల నేల) వేసి పూడ్చేస్తారు. కొన్నేళ్ళకి స్కర్టింగ్ (గోడ అడుగున కొట్టే చెక్క పట్టీ) మెత్తబడుతుంది, నిందేమో గోడ మీద పడుతుంది. నీళ్ళ మీటరు కూడా చూడాలి. ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసినా ముల్లు తిరుగుతుంటే నేల కింద పైపు కారుతున్నట్టే.

ఇవన్నీ అయ్యాక కూడా రైజింగ్ డ్యాంప్ అనే అనుమానం మిగిలితే, అప్పుడు డ్రిల్ తీస్తాం. మీరు ఇంజనీరు కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. 9 మిల్లీమీటర్ల బిట్‌తో చాలా నెమ్మదిగా తిప్పుతాం, వేగంగా తిప్పితే వేడికి తేమ ఎగిరిపోతుంది. పై ప్లాస్టర్ పొడిని పారేసి, లోపలి గార పొడిని మాత్రం మూతున్న చిన్న డబ్బాలోకి పడతాం. నేలకి దగ్గరగా ఒకటి, అక్కడి నుంచి పైకి కొన్ని ఎత్తుల్లో ఒక్కోటి. అక్కడికక్కడే తెలియాలంటే కార్బైడ్ మీటరు ఉంది. చేతిలో పట్టేంత లోహపు సీసా అది, అడుగున డయలుంటుంది. తూచిన పొడిని ఒక వైపు, కాల్షియం కార్బైడ్‌ని ఇంకో వైపు వేసి, బిగించి, ఊపి కాసేపు ఆగితే, పొడిలోని నీరు కార్బైడ్‌తో కలిసి ఎసిటిలీన్ గ్యాసు పుడుతుంది. ఎంత నీరుంటే అంత పీడనం, ముల్లు అంత కదులుతుంది. మన దగ్గర వెల్డింగ్ షాపుల్లో వాడే కార్బైడే ఇది, దొంగచాటుగా మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడేది కూడా ఇదే.

ల్యాబ్‌కి పంపితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొడిని రెండు రకాలుగా చూస్తారు. గోడలోంచి తీసినప్పుడు అందులో ఎంత నీరుందో ఒకటి, 75 శాతం తేమున్న గాలిలో ఉంచితే ఆ పొడి తనంతట తాను ఎంత నీరు పీల్చుకుంటుందో రెండోది. భవన పరిశోధన సంస్థ బీఆర్‌ఈ తన డైజెస్ట్ 245లో చెప్పిన పద్ధతే ఇది. మొదటి అంకె రెండోదాని కంటే ఎక్కువుంటే, ఎక్కడి నుంచో నీరు నిజంగా వచ్చి చేరుతోందన్నమాట. మొదటిది తక్కువుంటే, గోడలో మిగిలిపోయిన ఉప్పు గాలిలోంచి లాక్కుంటున్నదే కావచ్చు, నీటి దారి ఎప్పుడో మూసుకుపోయి ఉండవచ్చు. అడుగున ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ, చార దగ్గర నైట్రేట్లు, క్లోరైడ్లు, పైగా బయటి కారణాలేవీ లేవు. ఇవన్నీ కలిసొస్తే అప్పుడు రైజింగ్ డ్యాంప్ అని సంతకం పెట్టొచ్చు. రైజింగ్ డ్యాంప్ అనేదే లేదు, అంతా కట్టుకథ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఉంది, నేనూ రిపోర్టుల్లో రాశాను. ఇంజెక్షన్లు అమ్ముడుపోయేంత ఎక్కువగా మాత్రం లేదు.

మరి తప్పుడు నిర్ధారణతో ఇంజెక్షన్ వేసిన ఇళ్ళలో గోడలు ఎండినట్టు ఎందుకు కనిపిస్తాయని మీరు అడగొచ్చు. కొటేషన్‌లో ఇంజెక్షన్ పక్కనే "మీటరు ఎత్తు వరకు ప్లాస్టర్ కొట్టేసి, వాటర్‌ప్రూఫర్ కలిపిన ఇసుక సిమెంటుతో మళ్ళీ చెయ్యడం" అని ఉంటుంది, మీదాంట్లోనూ ఉంది. ఆ పూత తేమని వెనక దాచేస్తుంది. ముందు వైపు పెయింటు శుభ్రంగా ఉంటుంది, మీటరు కూయదు, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. వెనక గోడ తడుస్తూనే ఉంటుంది. దీన్ని ఒక టెర్రస్ ఇంట్లో దగ్గర నుంచి చూశాను. ముందు గోడకి బయట రెండు వరసల ఇంజెక్షన్ రంధ్రాలు, ఒక వరస ప్లగ్గులు పాతబడి పసుపెక్కాయి, రెండోవి ఇంకా తెల్లగా ఉన్నాయి. రెండు వేరు వేరు కంపెనీలు, రెండు గ్యారంటీ కాగితాలు. లోపల సిమెంటు పూత పైన, సరిగ్గా అది ఆగిపోయిన చోట, ప్లాస్టర్ ఉబ్బి పొడి రాలుతోంది. తేమ పూత వెనకే పైకెక్కి అక్కడ బయటికి వచ్చింది. స్లేటు వరస కోసం వెతికితే బయట కాంక్రీటు కింద పూడిపోయి దొరికింది. గోడ వెంబడి కాంక్రీటు పట్టీ కోసి తీసేసి, కంకర నింపిన కాలవ చేయించారు. పాత గోడ ఎండటానికి అంగుళానికి నెల అని ఇక్కడ ఒక వాడుక లెక్క ఉంది, తొమ్మిదంగుళాల గోడకి ఆ ఓపిక ఉండాలి. గ్యారంటీల సంగతి అడిగితే, అవి వేసిన మందు వరస వరకేనట, బయటి నేల ఎత్తుకి వర్తించవట.

మీ రెండో కంపెనీ చెప్పిన కండెన్సేషన్‌ని కూడా కొట్టిపారెయ్యకండి. ఇల్లు ఇప్పుడు అద్దెకుంది, బెడ్‌రూం మూలలో నల్ల బూజు కనిపిస్తోంది, అది గోడ కింది తడికి సంబంధం లేని విడి సమస్య కావచ్చు. ఒకే ఇంట్లో రెండు రకాల చెమ్మ ఉండటం చాలా మామూలు. ఒక లెక్క చెబుతాను. గదిలో 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉందనుకోండి. ఆ గాలి 12 డిగ్రీల చల్లటి గోడని తాకితే నీటి చుక్కలు కడుతుంది. కానీ బూజు రావడానికి చుక్కలు కట్టేదాకా ఆగక్కర్లేదు. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం ఉంటే చాలు, అంటే అదే గదిలో గోడ 15 డిగ్రీల చుట్టుపక్కలకి పడితే సరిపోతుంది. జనవరిలో ఒంటి ఇటుక గోడ మూల ఆ మాత్రం చల్లబడటం ఎంతసేపు. మన వంటల్లో పప్పులు ఉడికించడం, ఇడ్లీ ఆవిరి, బియ్యం కుక్కరు ఎక్కువ. పొయ్యి మీద హుడ్ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. చాలా ఇళ్ళలో ఆ హుడ్ గాలిని బయటికి పంపదు, బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. పోపు వాసన కొంత తగ్గుతుంది, ఆవిరి మొత్తం ఇంట్లోనే ఉంటుంది. బయటికి పైపు ఉందో లేదో చూసుకోండి.

ఇలా చెబుతున్నానని అద్దెకున్నవాళ్ళదే తప్పని అనుకోకండి. ఇక్కడ ఆ మాట చాలా చేటు చేసింది. 2021లో హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ (ఇళ్ళ ఫిర్యాదులు విచారించే అధికారి) సామాజిక గృహాల్లో, అంటే కౌన్సిళ్ళూ హౌసింగ్ అసోసియేషన్లూ అద్దెకిచ్చే ఇళ్ళలో, చెమ్మ, బూజు మీద ఇచ్చిన రిపోర్టుకి పెట్టిన పేరే, ఇది జీవనశైలి సమస్య కాదు అనే అర్థం వచ్చేది. అంతకుముందు 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు చనిపోయాడు. ఫ్లాట్‌లో బూజు ఉందని తల్లిదండ్రులు ఎన్నిసార్లు మొత్తుకున్నా సరైన చర్య జరగలేదు. ఆ బూజు వల్లే ప్రాణం పోయిందని 2022 నవంబరులో కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) తేల్చారు. ఆ బాబు పేరు మీద వచ్చిన చట్టం ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాలకి 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదు అందితే పది పనిదినాల్లోపు పరిశీలించాలి, అత్యవసరమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. ఆ పరిశీలన సమర్థుడైన మనిషి చెయ్యాలి. మీ మూడో ప్రశ్నకి దీనితో సంబంధం ఉంది, అందుకే ఇంత చెప్పాను.

అంతకంటే ముందు మీ ఇంటి విషయం తేల్చుకోండి. మీ సాలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) ద్వారా అమ్మేవాళ్ళని అడిగి, ప్లాస్టర్‌లో చిన్న రంధ్రాలు పెట్టడానికి, ఒక ఫ్లోర్ బోర్డు ఎత్తడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పని అమ్మని, ఫీజు తీసుకునే సర్వేయరుని పెట్టుకోండి. సీఎస్ఆర్‌టీ ఉన్నవాళ్ళు, పాత ఇళ్ళ అనుభవమున్న ఆర్‌ఐసీఎస్ వాళ్ళు, ఇద్దరిలోనూ అలాంటివాళ్ళు దొరుకుతారు. కొన్ని వందల పౌండ్లవుతుంది. మీ చేతిలో ఉన్న కొటేషన్ పక్కన పెట్టి చూస్తే అది పెద్ద మొత్తం కాదు. ఫోన్‌లోనే అడగండి, డ్రిల్ శాంపిల్స్ తీస్తారా, బయటి మట్టాలు కొలుస్తారా, ఇన్సూరెన్స్ ఉందా అని. బ్యాంకు విషయంలో టెన్షన్ పడకండి. చెమ్మ పని అయ్యేదాకా లోనులో కొంత ఆపుతామని బ్యాంకులు అనడం మామూలే. దానికి ఆ కంపెనీ ఇంజెక్షనే వేయించాలని లేదు, చాలాసార్లు స్వతంత్ర రిపోర్టు పంపితే మళ్ళీ చూస్తారు, ముందే మీ బ్రోకరుతో మాట్లాడి పెట్టుకోండి. డ్రైవ్‌వే తగ్గించాల్సి వస్తే ఆ ఖర్చుని ధరలో బేరమాడొచ్చు. అమ్మేవాళ్ళు డ్రిల్లింగ్‌కి ససేమిరా అంటే రిపోర్టు ఆ మేరకే ఉంటుంది, సర్వేయరు ఆ సంగతి కాగితం మీద రాయాలి.

ఇక ఉద్యోగం. సివిల్ డిగ్రీ పనికొస్తుంది, కానీ మనం చదివింది ఎక్కువగా ఆర్‌సీసీ ఫ్రేములు, డిజైన్లు. డీపీసీ మన పుస్తకంలో ఒక పేజీ. ఇక్కడి పాత ఇల్లు సున్నపు గారతో కట్టిన ఒంటి గోడ, చెక్క ఫ్లోరు, గాలి ఆడే సందులు. ఆ ఇల్లు తడుస్తుంది, ఆరుతుంది, దాని పద్ధతే అది. ముందు ఆ కట్టుబడి నేర్చుకోవాలి. పీసీఏ వాళ్ళ కోర్సులు చేసి సీఎస్ఆర్‌టీ రాయడం ఒక దారి. ఇళ్ళ సర్వే మొత్తం చెయ్యాలనుంటే సావా అనే సంస్థ ఇచ్చే సర్వేయింగ్ డిప్లొమా లాంటిది చేసి అసోక్ ఆర్‌ఐసీఎస్ తెచ్చుకోవచ్చు, అది డబ్బూ సమయమూ ఎక్కువ అడుగుతుంది. డ్యాంప్ కంపెనీల్లో ట్రైనీ సర్వేయరు ఉద్యోగాలు తేలిగ్గా దొరుకుతాయి, చేతికి పని కూడా బాగా వస్తుంది. చేరేముందు జీతంలో కమిషన్ వాటా ఎంతో అడగండి. టార్గెట్లు పెట్టే చోట రెండేళ్ళుంటే ప్రతి గోడా ఇంజెక్షన్ లాగే కనిపించడం మొదలవుతుంది. హౌసింగ్ అసోసియేషన్లకి ఇప్పుడు కొత్త చట్టం వల్ల చెమ్మ చూసి సరిగా రాయగలిగినవాళ్ళు కావాలి, అక్కడ అమ్మాల్సిందేమీ ఉండదు. నేనైతే మీకు ముందు ఆ వైపే వెతకమంటాను. రిపోర్టు ఇంగ్లీషు సాధన చెయ్యండి. కోర్టుకి వెళ్ళే కాగితం అది, చూసింది వేరుగా, ఊహించింది వేరుగా రాయడం అలవాటు కావాలి.

ఈ వారాంతం ఇల్లు మళ్ళీ చూడ్డానికి వెళ్తున్నానన్నారు కదా. ఒక టేపు పట్టుకెళ్ళి డ్రైవ్‌వే పైమట్టం నుంచి స్లేటు వరస దాకా మూడు నాలుగు చోట్ల కొలవండి, స్లేటు కనపడకపోతే ఎయిర్ బ్రిక్ అడుగు దాకా కొలవండి. వెనక వైపు గట్టరు కింద గోడ మీద పచ్చటి చార ఉందేమో ఫొటో తియ్యండి. పక్కింటి ముందు గోడ కింది భాగం కూడా ఫొటో తియ్యండి, వాళ్ళ డ్రైవ్‌వే కిందికుండి వాళ్ళ గోడ బాగుంటే మీకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కొలతలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.